నీళ్లు తాగిన మంత్రి

“తాగినావా లేదా? అదొక్కటి చెప్పు లస్మన్నా.”

“తాగిన.”

“అందరికంటే ముందు తాగినావు. మళ్ళా అందరికంటే ముందు బస్సెక్కింది ఎవరప్పా? మా తాతనా?”

“నాగూర్ భాయ్, లొల్లి పెట్టకు. పోరగాళ్లు వింటున్నరు.”

“విననీ. మంత్రిగారి సంగతి అందరూ విననీ.”

స్నానాల గదికీ వంటశాలకూ మధ్య ఉన్నది ఒక్క రేకు. ఇవతల నేను బియ్యం కడుగుతున్నాను. శుక్రవారం సెలవు కాబట్టి మెసయీద్‌లోని మా కూలీల క్యాంపంతా లోపలే ఉంది. అయినా ఎవరూ అడ్డం పోలేదు. నేనూ పోలేదు. నాగూర్ అంటున్నది నిజమే.

లస్మయ్య మంత్రి ఎలా అయ్యాడో చెప్పాలి. అతనిది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. ఊళ్లో నీరటి పని చేసేవాడు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసి, కాలువకు మట్టి తీయడం, మళ్లీ మట్టి వేయడం ఆ పని. బోర్లు పడ్డాక ఎవరి నీళ్లు వాళ్లవే అయ్యాయి, నీరటిని పిలిచేవాడు లేకుండా పోయాడు. దుబాయ్ పోతున్నాడని ఊరంతా అనుకుంది. దిగింది ఖతర్‌లో, పైపులు పాతే కంపెనీలో, గుంతలు తవ్వడానికి.

క్యాంపులో గదులు రెండు వరసలు, ఉత్తరం ఒకటి, దక్షిణం ఒకటి. నీళ్ల ట్యాంకర్ వచ్చిందంటే బకెట్లు తలల మీద విరిగేవి. ఒకరోజు లస్మయ్య ట్యాంకర్ పైపు పట్టుకుని నిలబడ్డాడు. ఎవడెంత అరిచినా అతని చేయి తొందరపడలేదు. అప్పటినుంచి ఉత్తరం వరస అతని మాట వినడం మొదలుపెట్టింది. దక్షిణం వరసకు కడప నుంచి వచ్చిన నాగూర్ పెద్ద.

వీళ్లకు పదవులిచ్చింది బున్మీ. థాయ్‌లాండ్ వెల్డర్, యాభై దాటినవాడు, సగం పళ్లు లేవు. క్యాంపు హిందీలో కథలు చెప్పేవాడు. వాళ్ల పాత రాజుల కింద ఇద్దరు పెద్ద మంత్రులుండేవాళ్లట. సముహనాయోక్ ఒకాయన, కలాహోమ్ ఇంకొకాయన. మొదట ఒకరు ఊళ్ల పాలన, ఒకరు సైన్యం చూసేవాళ్లు. తర్వాతి కాలంలో ఉత్తరపు సీమ ఒకరికి, దక్షిణపు సీమ ఇంకొకరికి వచ్చింది. “ఇక్కడా అంతే కదా,” అని బున్మీ లస్మయ్యను సముహనాయోక్ చేశాడు, నాగూర్‌ను కలాహోమ్ చేశాడు. మిగతా క్యాంపు ఇద్దరినీ మంత్రిగారూ అని ఏడిపించేది. నాగూర్ తిట్టేవాడు. లస్మయ్య మాత్రం మురిసిపోయేవాడు.

“సమూహం, నాయకుడు. మన మాటే గద తమ్మీ?” అని నన్ను అడిగాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చినవాణ్ణి నేను. అయినా నాకు అన్నీ తెలుసని అతని నమ్మకం. అవునన్నాను.

తొంభై ఆరు ఆగస్టులో తిరుమల్ చచ్చిపోయాడు. లస్మయ్య పక్క మంచం అతనిది. గుంతలో పైపు కిందికి ఇసుక తోస్తూ కూలబడ్డాడు. ఎండ, ఇంకేం లేదు. కంపెనీ శవాన్ని మార్చురీలో పెట్టించి మర్చిపోయింది. ఎప్పుడు పంపుతారని అడిగితే రేపు అంటారు. ఆ రేపు రాదు. శవాన్ని చూడందే బొట్టు తియ్యనని అతని భార్య సుహాసిని ఫోన్లో చెప్పిందట.

శవం పెట్టె విమానం ఎక్కేదాకా ఎవరూ డ్యూటీ బస్సు ఎక్కొద్దని రెండు వరసలూ అనుకున్నాయి. అనుకున్నాయి గానీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. అప్పుడు బున్మీ మంత్రుల ఒట్టు నీళ్ల సంగతి ఎత్తాడు. రాజుగారి ఆయుధాలను నీళ్లలో ముంచి, శాపాలు చదివి, ఆ నీళ్లు మంత్రుల చేత తాగించేవాళ్లట. తాగి ద్రోహం చేస్తే ఆ నీళ్లే లోపలినుంచి తినేస్తాయట.

బకెట్‌తో నీళ్లు తెచ్చారు. బున్మీ తన వెల్డింగ్ సుత్తి ముంచాడు. నాగూర్ వంటశాల కత్తి ముంచాడు. లస్మయ్య పార ముంచాడు.

“రాజెవరు మరి? ఎవరి పేరున తాగుతారు?” అన్నాడు బున్మీ.

లస్మయ్యే చెప్పాడు. “తిరుమల్. పెట్టెల పన్నడు గద, ఆయనే రాజు.”

ముందు ఇద్దరు మంత్రులు తాగారు, తర్వాత మేమంతా. నీళ్లు తుప్పు వాసన కొట్టాయి.

కొన్నాళ్లు బస్సు ఖాళీగా పోయింది. ఒక పొద్దున మేనేజర్ లస్మయ్యనొక్కడినే ఆఫీసుకు పిలిపించాడు, నాగూర్‌ను పిలవలేదు. మా పని అక్కడే అయిపోయింది. ఇవాళ డ్యూటీకి వస్తే శుక్రవారానికల్లా పెట్టె పంపిస్తాను, రాకపోతే అందరి వీసాలూ రద్దవుతాయి, మీరు పోతారు గానీ పెట్టె ఇక్కడే ఉంటుంది అన్నాడట. లస్మయ్య బయటికొచ్చి ఎవర్నీ అడగలేదు. “ఎక్కుండ్రి. పెట్టె పోతది,” అని తనే ముందు ఎక్కాడు. ఉత్తరం వరస అతని వెనక ఎక్కింది. దక్షిణం వరస ఒక్కటే నిలబడి ఏం చేస్తుంది?

పెట్టె పోలేదు. ఆ శుక్రవారమూ పోలేదు, ఆ తర్వాతా పోలేదు. బున్మీని, అతనితో ఇంకొందరినీ అల్ రయ్యాన్ సైటుకు మార్చేశారు. ఇప్పుడు లస్మయ్య సలాం కొడితే మేనేజర్ తల కూడా ఎత్తడు.

“వాడు చెప్తే ఎట్ల నమ్మినవ్ కాకా?” అని మొహం మీదే అడిగాను.

“కుర్సీ ఏసి కూసోమన్నడు తమ్మీ. చాయ్ తెప్పిచ్చిండు. మా ఊర్ల నాకు ఎవడు కుర్సీ ఏసిండు?”

తర్వాత అతని కాళ్లు వాచాయి. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బి ఉండేది. డాక్టర్ కిడ్నీలన్నాడు, లస్మయ్య నీళ్లన్నాడు. మందుబిళ్లలు పరుపు కింద దాచేశాడు. ట్యాంకర్ వస్తే ఇప్పుడు అతన్ని పైపు ముట్టనివ్వడం లేదు. మళ్లీ బకెట్లు విరుగుతున్నాయి. అతను దూరంగా నిలబడి చూస్తుంటాడు.

“అవి ఉత్త తుప్పు నీళ్లు కాకా. శాపం లేదు, గీపం లేదు. గోలీలు ఏసుకో,” అని తిట్టాను.

“మరి నాకొక్కనికే ఎందుకైంది?” అన్నాడు.



రేకు అవతల గొడవ సద్దుమణిగింది. నాగూర్ చివరి మాట మెల్లగా అన్నాడు, తిట్టినా బాగుండేది. “నువ్వు చెడ్డోడివి కాదప్పా లస్మన్నా. అదే మా కర్మ.”

కాసేపటికి లస్మయ్య వంటశాలలోకి వచ్చి, గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. రేపు పైపుల లారీతో నేను రయ్యాన్ పోతున్నానని అతనికి తెలుసు.

“తమ్మీ, ఆడ బున్మీ కలుస్తడా?”

“కలుస్తడు.”

“ఒక్కటడుగు. నీళ్లు తాగి మాట తప్పిన మంత్రిని వాళ్ల రాజు మాఫ్ జేస్తుండెనా? జేస్తుండె అంటే, ఆ రాజే పెట్టెల ఉన్నప్పుడు ఎవలను అడగాల్నో అది సుత అడుగు. ఆయన ఏమంటే గదే చెప్పు తమ్మీ. నా మీద పావురంతోని, పాపమనుకొని, నీ దిక్కెల్లి ఏం కలుపకు.”