మా పడవలో ముగ్గురున్నారని ఫిర్యాదు

ఇది మనిషికీ సముద్రానికీ మధ్య జరిగిన మహాసంగ్రామం. ఇందులో ఈదురుగాలి ఉంది, తలకిందులైన పడవలు ఉన్నాయి, ఒక కుటుంబం భవిష్యత్తు ఉంది. ఇలాంటిది మీరు ఇంతవరకు విని ఉండరు.

అంత లేదు లెండి. సూరత్ దగ్గర డుమస్ ఒడ్డున టమాటా భజియాలు తింటున్న వాళ్లకు కూడా కనిపించేంత దగ్గర్లో జరిగింది. వాళ్లలో ఎవరూ తినడం ఆపలేదు.

ఇంకో మాట. నేను దయ్యాల్ని నమ్మను. పుట్టి పెరిగింది సూరత్‌లోనే. డుమస్‌లో దయ్యాలున్నాయని విని కెమెరాలు పట్టుకొచ్చే కుర్రాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. వాళ్లకు ఇంతవరకు దొరికినవి కుక్కలు, పోలీసులు. కాబట్టి దీన్ని నేను దయ్యం కథ అనను. జరిగింది చెబుతాను, పేరు మీరే పెట్టుకోండి.

మాది సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. లూమ్‌ల వాళ్లు తెరచాప పడవల పందేల్లోకి ఎలా వచ్చారని అందరూ అడుగుతారు. వచ్చింది మా బావ. అక్క భర్త, పేరు రాజేశం, సూరత్ పక్కనున్న సచిన్ అనే ఊళ్లో లూమ్‌లు నడుపుతాడు. కొన్నేళ్ల కింద ఆదివారాలు ఒక సెయిలింగ్ క్లబ్బులో పడవలు నీళ్లలోకి తోసే పనికి వెళ్లేవాడు. ఒకరోజు ఎవరో రాలేదని, పడవలో బరువు కోసం ఆయన్ని ఎక్కించుకున్నారు. ఆ తర్వాత దిగలేదు. తర్వాత నన్నూ ఎక్కించాడు.

మాది ఇద్దరి పడవ. వెనక కూర్చున్నవాడు ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో పెద్ద తెరచాప తాడు పట్టుకుంటాడు. అది బావ. ముందున్నవాడు చిన్న తెరచాప తాడు పట్టుకుని, పడవ ఒరిగినప్పుడల్లా అంచు మీద కూర్చుని, కాళ్లు పట్టీలో ఇరికించి, ఒళ్లంతా నీళ్ల మీదికి వెనక్కి వాల్చాలి. అది నేను. నా బీకామ్ అక్కడ ఎందుకూ పనికిరాదు. నా బరువు పనికొస్తుంది.

పందేల కోసం హైదరాబాద్, ముంబై, గోవా తిరిగాం. జనరల్ బోగీలో వెళ్లి, అక్కడి క్లబ్బువాళ్ల పాత పడవ అడుక్కుని ఆడతాం. మిగతావాళ్లు సొంత తెరచాపలు తెచ్చుకుంటారు. మేం సకినాలు తీసుకెళ్తాం.

ఇప్పుడు అసలు సంగతి. ఒక ప్రభుత్వ శాఖలో ఆటగాళ్ల కోటా ఉద్యోగం ఉంది. దానికి జాతీయ పోటీల్లో ఆడిన సర్టిఫికెట్ కావాలి. ఆ పోటీలకు డుమస్ ఎంపిక పందెంలో మొదటి రెండు పడవలే వెళ్తాయి. వచ్చే ఏడాదికి బావకు ఆ ఉద్యోగపు వయసు దాటిపోతుంది. రెండో స్థానం వస్తే ఉద్యోగం మీద ఆశ, మూడో స్థానం వస్తే జీవితాంతం లూమ్. ఇప్పటికే లూమ్‌ల మోతకు ఆయనకు ఒక చెవి సగమే వినిపిస్తుంది. ఆ పొద్దున అక్క మాకు చాయ్ ఇచ్చి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మా అక్క మాట్లాడకపోవడం ఆ రోజు జరిగిన మొదటి వింత.

రెండోది చెప్పాలంటే ముందు మా సైగల గురించి చెప్పాలి.

లూమ్‌ల షెడ్డులో మనిషి మాట మనిషికి వినబడదు. అందుకని తట్టి చెబుతారు. వెనక నుంచి వీపు మీద ఒకసారి తడితే దారం చూసుకో అని, రెండుసార్లు తడితే మిషన్ ఆపు అని. తట్టించుకున్నవాడు వెనక్కి తిరగడు. తిరిగితే చూపు దారం మీంచి పోతుంది, ఆ కాస్తలో బట్ట పాడవుతుంది. కాలేజీ సెలవుల్లో లూమ్ దగ్గర నిలబడ్డ నాకూ అదే అలవాటు. పడవ మీదా గాలి హోరులో మాట వినబడదు కాబట్టి బావా నేనూ ఆ సైగలే తెచ్చుకున్నాం. ఒకటి తడితే తాడు లాగు, రెండు తడితే వదులు. గాలి మామూలుగా ఉన్నప్పుడు ఆయన తన తాడు పళ్లతో కరిచి పట్టుకుని తడతాడు. నేను వెనక్కి చూడను, చేతిలో పని చేసేస్తాను. పడవల కోచ్‌లు ఎవరూ ఇలా నేర్పరు. మమ్మల్ని చూసి నవ్వుతారు కూడా.

డుమస్‌లో పోటు మీదే పడవలు దింపాలి. ఆటు మొదలైతే సముద్రం తన దారిన తాను వెళ్లిపోయి మనకు బురద వదిలేస్తుంది. ఆ రోజు పోటు మధ్యాహ్నం వచ్చింది. మంచి ఎండ. నైరుతి గాలి. ఆరు పడవలు.

చివరి చుట్టు వచ్చేసరికి మేం మూడో స్థానంలో ఉన్నాం. మా ముందు రెండో స్థానంలో ధార అనే అమ్మాయి పడవ. సూరత్‌లోనే ఆల్థాన్ పేటలో ఉండే డాక్టరు గారి కూతురు, మాతో ఎప్పుడూ బాగానే మాట్లాడుతుంది. గెలుపు గీత దాకా ఎదురుగాలిలో వెళ్లాలి. ఆమెకూ మాకూ మధ్య నాలుగైదు పడవల దూరం. అది తగ్గడం లేదు. వెనక బావ ఊపిరి నాకు వినబడుతోంది. ఆయన మామూలుగా తిడుతూ ఉంటాడు. తిట్లు ఆగిపోయాయంటే భయపడుతున్నాడని అర్థం.

అప్పుడు నీళ్ల మీద నల్లగా ఒక గీత కదిలి వచ్చింది. ఈదురుగాలి. ముందు మొదటి పడవకు తగిలింది, అది ఊగిసలాడి నిలబడింది. తర్వాత ధార పడవకు తగిలింది. తెరచాప నీళ్ల మీద పడుకుంది, పడవ బోర్లాపడింది. తర్వాత మా వంతు.

పడవ లేచింది. నేను అంచు మీద ఎంత వాలగలనో అంత వాలాను. అయినా లేస్తూనే ఉంది. నా చేతిలో తాడు బిగుసుకుపోయింది. ఇంకాస్త అయితే మేమూ బోర్లా.

వీపు మీద రెండుసార్లు తట్టారు. గట్టిగా కాదు. తొందర లేకుండా, అరచేత్తో, పనిలో పాతబడ్డవాళ్లు తట్టినట్టు. నేను తిరగలేదు. తాడు వదిలేశాను.

చిన్న తెరచాప పటపటా కొట్టుకుంది. సరిగ్గా అప్పుడే నా వెనక అంచు మీద బరువు పడింది. పడవ మెల్లగా కిందికి దిగి నీళ్ల మీద బల్లపరుపుగా కూర్చుంది. అంత గాలిలో మా ఇద్దరి బరువుకు అది అలా కూర్చోదు. ఎన్నో పందేలు ఆడాను, ఆ లెక్క నా ఒంటికి తెలుసు. కాళ్ల మీది పట్టీ ఇంకో కాలు దూర్చినట్టు బిగిసింది. బావ బాగా వాలాడనుకున్నాను. తర్వాత ఒక తట్టు. తాడు లాగాను. నీళ్లలో పడవ పట్టుకుని తేలుతున్న ధార పక్క నుంచే దూసుకుపోయాం. ఆమె మమ్మల్నే చూస్తోంది. కాసేపటికి గాలి తగ్గింది, వెనక బరువు తేలిపోయింది. రెండో స్థానంలో గీత దాటాం.

ఒడ్డుకు వచ్చి పడవ లాగుతుంటే బావ నా మెడ మీద చెయ్యి వేశాడు.

"శభాష్ రా బామ్మర్ది. టైముకు వెనుకకు జరిగినవ్. లేకుంటే మునుగుతుంటిమి."

"నేనేడ జరిగిన? ఉన్న కాడనే ఉన్న. నువ్వే మంచిగ తట్టినవ్."

"నేను తట్టుడేంది? మజాక్ జేస్తున్నవా?"

"ముందు రెండు తట్టినవ్, మల్ల ఒకటి."

బావ రెండు చేతులూ చాపి చూపించాడు. కుడి అరచేతిలో చుక్కాని కర్ర ఒత్తిన ముద్ర ఉంది. ఎడమ చేతికి తాడు రెండు చుట్లు చుట్టుకున్న ఎర్రటి వాత.

"గీ చేతులతోని ఎట్ల తడుత? కండ్ల నిండ నీళ్లు కొట్టి నాకేం కనవడలే. నీ మోకాలు అచ్చి నా మోకాలుకు ఒత్తుకున్నది. గప్పుడు పానం నిమ్మలమైంది."

నా మోకాలు ఆయన మోకాలికి మూరెడు దూరంలో ఉంది.  తర్వాత నేను జోకు వేయబోయాను. రాలేదు. ఇది నాకు అరుదు.

ఇంతలో క్లబ్బు నుంచి పిలుపు వచ్చింది. మా మీద ఫిర్యాదు. ఇద్దరి పడవలో ముగ్గురిని ఎక్కించుకున్నారని. ఫిర్యాదు చేసింది ధార. రుజువైతే మమ్మల్ని తీసేస్తారు, బోర్లాపడ్డ పడవ లేపుకుని మూడో స్థానంలో వచ్చిన ఆమె రెండోదవుతుంది.

విచారణ క్లబ్బు వెనక గదిలో జరిగింది. ముంబై నుంచి వచ్చిన జడ్జి ఒకాయన, బల్లకు అటు ధార, ఇటు మేము. మాటలన్నీ హిందీలో. ఆమె గెలుపు కోసం అబద్ధమాడుతోందని నాకు కోపంగా ఉంది. అయితే ధార మా ఇద్దరి మధ్యనున్న ఖాళీ వైపే చూస్తోంది. అబద్ధమాడేవాళ్లు అలా చూడరు.

"మీ పక్క నుంచి వెళ్లినప్పుడు చూశాను. ఇద్దరి మధ్యలో ఇంకో మనిషి అంచు మీద కూర్చుని ఉన్నాడు" అంది.

"లైఫ్ జాకెట్ ఉందా?" అన్నాడు జడ్జి. ఆయన బాధ ఆయనది.

"లేదు సార్. బనీను. తల మీద తెల్లగా ఏదో పీచు అంటుకుని ఉంది, దూదిలాగా. అన్నీ తడిసిపోతుంటే అది తడవలేదు."

బనీను వరకు అయితే సూరత్‌లో సగం మగవాళ్లు సరిపోతారు. పీచు సంగతి వేరు. లూమ్ దగ్గర షిఫ్టు దిగిన ప్రతివాడి తలా అలాగే ఉంటుంది. ధార జన్మలో లూమ్‌ల షెడ్డు లోపలికి వచ్చిన మనిషి కాదు. నేను బావ వైపు చూడలేదు.

జడ్జి ధార జోడీని పిలిచి అడిగాడు. అతను అప్పుడు తెరచాప కింద ఉన్నాడు, ఏమీ చూడలేదు. తర్వాత జడ్జి మా వైపు తిరిగాడు.

"పడవలో ఎంతమంది ఉన్నారు?"

"ఎక్కింది ఇద్దరమే సాబ్" అన్నాడు బావ.

"దిగింది?"

"ఇద్దరమే."

"మధ్యలో?"

ఇద్దరమే అంటే అయిపోయేది. ఉద్యోగం, అక్క, ఆయన చెవి, అన్నీ ఆ ఒక్క మాట మీద ఉన్నాయి.  నేను బల్ల కింద బావ కాలు తొక్కాను. బావ కాలు వెనక్కి లాక్కున్నాడు.

"మధ్యల నా మోకాలుకు ఎవరిదో మోకాలు తగిలింది సాబ్. మా బామ్మర్దిది కాదట. అబద్ధం చెప్పలేను."

నా గుండె ఆగిపోయిందని రాయాలి. ఆగలేదు. 

జడ్జి పెన్ను కింద పెట్టాడు. ముప్పై ఏళ్లుగా ఫిర్యాదులు వింటున్న మనిషి మొహం అది, ఇలాంటిది మాత్రం విన్నట్టు లేదు. మూడో మనిషి సముద్రం మధ్యలో దిగిపోయి ఉంటే, మనిషిని వదిలేసి వచ్చిన నేరం కూడా మా మీద పడుతుందని ముందు వివరించాడు. తర్వాత ధారను అడిగాడు.

"మీరు చూసినప్పుడు 'ప్రొటెస్ట్' అని అరిచారా?"

తప్పు చూసిన వెంటనే అలా అరవాలని నియమం.



"అరవబోయాను సార్. అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు."

"తిరిగితే?"

"ఊరికే చూశాడు. బాగానే ఉన్నావా అన్నట్టు. నాకు గొంతు రాలేదు."

 బావ రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు. వెంటనే అరవలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదని జడ్జి తీర్పు చెప్పాడు. ముగ్గురున్నారా ఇద్దరున్నారా అన్న ప్రశ్న దాకా వెళ్లాల్సిన పనే లేదన్నాడు. ఆయన ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడో నాకిప్పటికీ గుర్తు.

బయటికి వచ్చాక బావ మీద విరుచుకుపడ్డాను.

"నీకు దిమాక్ ఉన్నదా? కొలువు పోతుండె! ఇద్దరమే అంటే ఏం బోతుండె నీది?"

"ఆయన మనకు ఆసర అయ్యిండు రా. మునుగకుంట గట్టుకు చేర్చిండు. గసొంటోన్ని లేడని ఎట్ల జెప్పాలె?"



మేం జాతీయ పోటీలకు వెళ్లాం. పదకొండో స్థానంలో వచ్చాం. అక్కడ ఎవరూ తట్టలేదు, ఎంత కావాలనుకున్నా. సర్టిఫికెట్‌కు స్థానంతో పని లేదు కాబట్టి బావకు ఉద్యోగం వచ్చింది. ధార ఇప్పటికీ మాట్లాడుతుంది, కానీ ఆ రోజు గురించి మాత్రం కాదు. ఒకే ఒక్కసారి, ఆయన మీ చుట్టమా అని అడిగింది. తెలియదన్నాను.

నిజంగానే తెలియదు. గాలికి ఒళ్లు మొద్దుబారి వీపు మీద ఏదో తగిలితే తట్టనుకున్నానేమో. బావ మోకాలికి తాడు తగిలిందేమో. ధార కళ్లలో ఉప్పునీళ్లేమో. ఒక్కొక్కటీ విడిగా సరిపోతుంది. మూడూ ఒకే క్షణంలో ఎలా జరిగాయో చాలాసార్లు ఆలోచించాను, కుదరలేదు. నమ్మనివాళ్లు ఆ ఎంపిక పందెం ఫలితం మీద అప్పీలు చేసుకోవచ్చు గానీ, దానికి గడువు దాటిపోయింది.