గోడ మట్టితో గీసిన గ్రహం

పాచికలు ముట్టకుండా, తలా ఒక వేషంతో కథ నడిపే పాత్రలాట ఆడించవచ్చని మా ఎడారి ఊరు తిమీమూన్‌లో యువజన భవనం అధికారిని ఒప్పించడం మబ్రూకా సాధించిన మొదటి విజయం. అది ఊరికే రాలేదు. పాచిక అంటే జూదం, జూదం అంటే హరామ్, నా కప్పు కింద కుదరదంటూ ఆయన ఒక చలికాలమంతా తలుపు తియ్యలేదు. మబ్రూకా వాదనకు దిగలేదు. ఖర్జూరపు గింజలు ఇరవై ఏరి కడిగి, ఒక్కోదాని మీద ఒక్కో అంకె చెక్కి, తోలుసంచిలో పోసి ఆయన బల్ల మీద పెట్టింది.

"అయ్యా, సంచిలో చెయ్యి పెట్టి గింజ తీస్తే అదీ జూదమేనా?"

ఆయన తీశాడు. పంతొమ్మిది వచ్చింది. "పంతొమ్మిదంటే మంచిదా?" అని అడిగాడు. అంత మాట అడిగాక ఇక వద్దనడానికి ఆయనకు నోరెక్కడిది!

ఆ తర్వాత ఆ పిల్ల చేసినవి ఒకటా రెండా? పరాయి భాషలో ఉన్న ఆట నియమాలను మన జెనాతీ మాటల్లోకి తెచ్చింది ఎవరు? మబ్రూకా. బల్ల చుట్టూ తలా ఒక మనిషై మాట్లాడుతుంటే, ఆ మనుషుల కింద నేల, పైన ఆకాశం అన్నీ నోటితోనే పుట్టించి, దారితప్పిన బిడారు కథను మూడేళ్ళు నడిపింది ఎవరు? మబ్రూకాయే. చివరి రోజున మీసాలున్న మగవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. ఆమె భర్త బుజెమా లారీ తోలేవాడు. అతను కూడా ఆ బల్ల దగ్గర ఎవరినీ నమ్మని ఒంటెలకాపరి వేషం కట్టేవాడు.

తర్వాతి కథ అంగారకుడి మీద అని ఆమే ప్రకటించింది. మనుషులు అక్కడికి గాలీ నీళ్ళూ తెచ్చి, ఎర్రనేలను పచ్చగా చేసుకుంటున్న కాలం. పటం నేను గీస్తానంది. సెప్టెంబరు మొదట్లో అద్రార్ దారిలో లారీ బోల్తాపడి బుజెమా పోయాడు.

ఇద్దత్ అంటే భర్త పోయిన ఆడది పాటించాల్సిన నాలుగు నెలల పది రోజులు. గుమ్మం దాటకూడదు, కాటుక, అత్తరు, గోరింటాకు ముట్టకూడదు. మబ్రూకా ఎదురుచెప్పలేదు. కానీ ఎన్నాళ్ళూ లేనిది, ఆ ఇల్లు ఎంత చిన్నదో అప్పుడే తెలిసింది. నడవా ఈ చివర నిలబడితే ఆ చివర ఉన్న అత్తగారి ఊపిరి వినబడేది. ప్రవక్త పుట్టిన ఏడో రోజున జరిగే సబూ పండుగకు ఊరంతా డప్పులతో బయలుదేరింది. ఆ చప్పుడు గోడ పక్కనే వచ్చి, గోడ పక్కనే పోయింది. ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడితే అరచేతికి ఎర్రమట్టి అంటింది.

ఆ మట్టినే మెత్తగా నూరి తుమ్మజిగురుతో కలిపి, కాగితం పరిచి గ్రహం గీయడం మొదలుపెట్టింది.

మన పిల్ల కదా, మన పద్ధతిలోనే గీసింది. గ్రహానికి పెద్ద పల్లం ఒకటి పెట్టి, అంచున ఉన్న మంచుకొండల నుంచి నేల లోపల నీళ్ళు నడిచే ఫొగ్గారా సొరంగాలు తవ్వించి, వాటి వెంట వరసగా గాలిబావులు పెట్టి, నీళ్ళు బయటపడే చోట తొమ్మిది ఊళ్ళు కట్టింది. నీళ్ళు పంచే రాతిదువ్వెన ఊరికొకటి. ఎక్కడ ఎంత ఎత్తో అంకెలు వేసింది. ఊళ్ళన్నీ పల్లంలోనే. నీళ్ళు వచ్చేది పల్లానికే కదా!

గ్రహం సగం ఎర్రబడిందో లేదో, పరామర్శకని పక్కింటి తలియా వచ్చింది. కూర్చుంటూనే కళ్ళు మబ్రూకా వేళ్ళ మీద పడ్డాయి.

"ఏమే ఫత్నా, నీ కొడుకు మీద మట్టి ఇంకా ఆరలేదు. నీ కోడలి చేతికి మాత్రం గోరింటాకు భలే పండింది!"

అత్త లల్లా ఫత్నా కోడలి చెయ్యి లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది. "గోరింటాకు వాసన తెలియనంత ముసల్దాన్ని కాలేదు. ఇది మా గోడ మట్టి. నీ ఇంటి గోడా ఇదే రంగు, పోయి గీకి చూసుకో."

తలియా మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. తలుపు పడ్డాక లల్లా ఫత్నా గొంతు మారింది.

"నాకు తెలుసు అమ్మాయ్, ఊరికి తెలియదు. ఇక ఎరుపు ముట్టొద్దు."

"సగంలో ఉంది అత్తా."

"సగంలోనే ఉండనీ. నేనూ సగంలోనే ఉన్నాను."

మబ్రూకా ఎర్రరంగు చిప్ప కడిగేసింది. సగం ఎరుపు, సగం తెలుపుగా ఉన్న ఆ గ్రహాన్ని చుట్టి, చూడటానికి వచ్చిన సఫియా చేతికిచ్చి బల్ల దగ్గరికి పంపింది. సఫియా బడిపంతులమ్మ, అదే ఆటలో రాణి.

వారం తిరక్కుండా సఫియా ఆ చుట్టతోనే తిరిగొచ్చింది. పటం పై అంచున పలచటి నూనెకాగితం ఒకటి అంటించి ఉంది, దాని నిండా నీలిరంగు.

"ఇదేమిటే?"

"ఖద్దూర్ పని." ఉత్తరాన జిజెల్‌లో సముద్రం ఒడ్డున పుట్టి, ఉద్యోగానికి మన ఊరొచ్చి, అదే బల్ల దగ్గర ఆడేవాడు ఖద్దూర్. "నువ్వు వేసిన అంకెల ప్రకారమే నీళ్ళు నింపాడు. మంచుకొండలన్నీ కరిగితే సముద్రం ఎక్కడికి చేరుతుంది? పల్లానికి. నీ తొమ్మిది ఊళ్ళూ నీళ్ళపాలు. 'ఇసుకలో పుట్టిన పిల్లకు నీళ్ళంటే బిందెలోవే, అవి మనిషి మీదికి కూడా వస్తాయని తెలియదు' అన్నాడు. అందరూ ఒకటే నవ్వు."

"నువ్వూనా?"

"కొంచెం," అని సఫియా తల దించుకుంది. "నవ్వు సంగతి వదిలెయ్. శనివారానికి పటం కుదరకపోతే కథ తాను నడుపుతానంటున్నాడు. సముద్రపు దొంగల కథట. మొదలైతే రెండేళ్ళు."

మబ్రూకా మిగిలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఇద్దత్ ముగిసి గుమ్మం దాటినా, వెళ్ళి కూర్చోవడానికి బల్ల దగ్గర చోటుండదు. బుజెమా కుర్చీ ఎలాగూ ఖాళీ. ఇక తనదీ పోతే, తలుపు తెరుచుకుని చేరేది ఎక్కడికి?

నీలికాగితం ఎత్తి చూసింది, మళ్ళీ పరిచింది. తొమ్మిది ఊళ్ళు నీళ్ళ కింద ఉన్నాయి. చెరిపి పైకి జరుపుదామంటే ఎర్రరంగు ముట్టే వీల్లేదు. సొరంగాల వెంట వేసిన గాలిబావులు నీలం కిందనుంచి చుక్కలు చుక్కలుగా కనబడుతున్నాయి.

లేచి పొయ్యి మీది టీకుండ అడుగున మసి గీకబోయింది. లల్లా ఫత్నా కుండ లాక్కుంది. మళ్ళీ వద్దంటుందేమో అనుకునేలోగా ఆవిడే చాకుతో గీకి, మసిని చిప్పలో పోసి ముందు పెట్టింది.

"నలుపుకు ఎవరూ వంక పెట్టరు. గియ్యి."

మబ్రూకా ఒక్క ఊరినీ కదపలేదు. ఒక్కో ఊరి చుట్టూ నల్లగా గోడ కట్టి, పైన కప్పు మూసింది. గాలిబావులను సముద్రం పైదాకా పొడుగ్గా లేపి, నీళ్ళ మీద మూతులు తెరిచింది. సముద్రం వస్తుందని తెలియక పల్లంలో కట్టుకున్నవాళ్ళు ఇప్పుడు గోడల మధ్య చిక్కుకున్నారు. ఊపిరి ఆడుతుంది, దారి మాత్రం లేదు. కథ అక్కడే మొదలు.

లల్లా ఫత్నా పటం మీదికి వంగింది. "వీళ్ళు లోపలే ఉండిపోతారా?"

"గాలి అందుతుంది అత్తా."

"ఇందులో మన ఊరేది?"

మబ్రూకా వేలు పెట్టి చూపించింది. ముసలావిడ ఆ చుక్క పక్కన తన వేలూ ఆనించింది.

"దానికి ఇంకో బావి వెయ్యి," అంది.

శనివారం సఫియా ఆ పటాన్ని బల్ల మీద పరిస్తే, ఖద్దూర్ నూనెకాగితం ఎత్తి చూశాడు, మళ్ళీ పరిచి చూశాడు. చివరికి, "సరే, వీళ్ళు బయటికెలా వస్తారు?" అన్నాడు.

"అది బల్ల దగ్గరే చెబుతానంది," అంది సఫియా.

"నీళ్ళల్లోకి దింపింది ఆవిడే, పైకి తీసేదీ ఆవిడే. నా దొంగలు అప్పటిదాకా రేవులో నిద్రపోతారులే," అంటూ ఖద్దూరే సుద్దముక్క తీసుకున్నాడు. పంతొమ్మిదంటే మంచిదా అని అడిగిన అధికారి గుమ్మంలో నిలబడి చూస్తుండగా నల్లబల్ల మీద రాశాడు:

మబ్రూకా వస్తుంది. జనవరి పదకొండు, శనివారం, అసర్ నమాజు తర్వాత.