టీచరమ్మ ఆగిన చోటు

మా పాటల టీచరమ్మ పోయారని ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు. ఇక ఆమె నన్ను ఆ మాట అడగరు కదా అన్న నెమ్మది. క్షణం పాటే, కానీ కలిగింది. ఆమె జ్ఞాపకాలు రాయడానికి కూర్చుని ఆ ఒక్కటీ దాచి, మిగతావన్నీ తీపిగా రాస్తే ఆమె ఒప్పుకోరు. తప్పు చేసిన పిల్లల మీద ఆమెకు ఎప్పుడూ కోపం రాలేదు. దాచిన పిల్లల మీదే వచ్చేది.

ఆమె మా బడిలో పాటలు నేర్పేవారు. ఆదివారాలు చర్చిలో పాటల బృందం, కోయిర్, నడిపేవారు. మెదక్‌లో నా ఈడు వాళ్లు చాలామంది ఆమె చేతికింద నోరు తెరిచినవాళ్లే. మా అమ్మ ఒకసారి బడికొచ్చి, మా ఇంట్లో పూజలు చేసుకుంటాం, పిల్లవాడితో చర్చి పాటలు పాడిస్తారా అని అడిగితే, "ఏ దేవుని పాటైనా ముందుగాల నోరు తెరవాలె గదమ్మా. గది నేర్పుతున్న," అన్నారు. మా అమ్మ నవ్వి ఊరుకుంది.

ఆ నోరు తెరవడమే నాకు కష్టం. చిన్నప్పుడు నాకు నత్తి. పొద్దున ప్రార్థన పాటలో అందరూ లైను అందుకుని వెళ్లిపోతుంటే నేను ఇంకా మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుని ఉండేవాణ్ణి. టీచరమ్మ ఒక లైను పాడి, చేతిలోని చెక్క స్కేలు పైకెత్తి ఆగేవారు. ముందు వరస పిల్లలు ఆగలేక మెలికలు తిరిగేవారు. "ఆగుండ్రి, ఇంకొకలు వస్తున్నరు," అనేవారు ఆమె. ఆ వచ్చేది నేనేనని నాకు తెలుసు. ఆమె మాత్రం ఒక్కసారి కూడా నా వైపు చూసేవారు కాదు. నా గొంతు వినబడగానే స్కేలు దిగేది, పాట కదిలేది. పాట అయ్యాక సంచిలో రుమాలులో కట్టుకొచ్చిన పటికబెల్లం తలా ఓ ముక్క పెట్టేవారు. రెండేళ్లకు పాటలో నా నత్తి పోయింది. మాటలో మాత్రం గాబరా పడ్డప్పుడు ఇప్పటికీ వస్తుంది.

పెద్దయ్యాక బస్టాండు దారిలో ఒక జిరాక్స్ షాపు పైన చిన్న రికార్డింగ్ గది పెట్టుకున్నాను. గోడలకు చప్పుడు మోగకుండా కోడిగుడ్ల అట్టలు, ఒక మైకు, ఒక కంప్యూటర్. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. బళ్లు బందు, బస్సులు బందు, ఎక్కడ చూసినా ధర్నా టెంట్లు. అప్పటికే రిటైరైన టీచరమ్మ రోజూ టెంటుకు వెళ్లి కూర్చునేవారు. అల్లాదుర్గ్ నుంచి, శివ్వంపేట నుంచి ఆటోల్లో వచ్చే ముసలమ్మలకు పాట రాదు, కాగితం చేతికిస్తే చదువూ రాదు. ఆమె తానే ఒక పాట కట్టారు. "నడువుండ్రి అక్కల్లారా, పొద్దింక ఉన్నది" అని మొదలవుతుంది. ఒక లైను పాడి ఆగేవారు. వెనక కూర్చున్న ముసలమ్మలు దాన్ని అందుకున్నాక రెండో లైను ఎత్తేవారు. ఆ ఆగడం ఒకసారి చిన్నది, ఒకసారి పెద్దది. ఎదుటివాళ్ల నోళ్లు చూసి ఆగేవారు.

ఆ పాట సీడీ చేద్దామని టెంటులోని వాళ్లు ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చారు. నా సంతోషం ఇంతా అంతా కాదు. కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి, తాళం కోసం టిక్కు టిక్కుమనే చప్పుడు వినిపించాను. ఆమె ఒక చెవి తీసేశారు.

"గా టిక్కు టిక్కు ఎవరిదిరా? గోడ గడియారమా?"

"దాని మీదనే పాడాలె టీచర్."

"గడియారం చూస్కుంట పాడుడు నాకు రాదు బిడ్డా. జర నీ దిక్కు చూస్కుంట పాడుత."

అలాగే పాడారు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా లైను లైనుకూ ఆగారు. స్వరం కింద నుంచి మెల్లగా ఎక్కి తన చోటికి చేరేది. పెద్దతనం, దమ్ము ఆగడం లేదు పాపం అనుకున్నాను. అనుకున్నది నేనే, ఆ ఆగడం పుణ్యమాని గొంతు తెచ్చుకున్నవాణ్ణి.

మర్నాడు కూర్చుని దిద్దాను. పాడిన గొంతు కంప్యూటర్ తెర మీద అలల్లా కనిపిస్తుంది, తాళానికి నిలువు గీతలుంటాయి. గొంతు ఆలస్యంగా వస్తే మౌస్‌తో పట్టి గీత మీదికి జరపొచ్చు. శ్రుతి తగ్గితే పైకి లాగొచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ నాకు కొత్త, చేతి దురద తీరలేదు. ఆమె ఆగిన ప్రతిచోటా కోసి దగ్గరికి జరిపాను. ఎక్కే స్వరాలన్నిటినీ తిన్నగా నిలబెట్టాను. ఇస్త్రీ చేసిన చొక్కాలా తయారైంది పాట. పని అయిపోగానే డిస్కులో జాగా లేదని ఆమె పాడిన అసలు రికార్డింగు తీసేశాను. ఒక పెళ్లి వీడియో పాటలకు ఆ జాగా కావలసి వచ్చింది.

ఆమెను పిలిచి వినిపించాను. "మీ తప్పులన్ని దిద్దిన టీచర్," అన్నాను కూడా. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆమె చివరి దాకా విన్నారు.

"మంచిగనే ఉన్నది బిడ్డా. గని, గింత జల్ది ఎటు ఉరుకుతున్న నేను? ఎనక ముసలోళ్లు అందుకుంటరా?"

"సీడీల ముసలోళ్లు ఎవరుంటరు టీచర్?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. హెడ్‌ఫోన్స్ తీసి, వైరు చుట్టి, బల్ల మీద పెట్టారు. "నేను పాడింది అట్లనే ఉన్నదా మరి?" అని అడిగారు.

"ఉన్నది టీచర్," అన్నాను. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. అబద్ధానికి నత్తి అడ్డం రాలేదు.

సీడీ బాగానే తిరిగింది. ఆటోల్లో, టెంట్లలో మోగింది. తర్వాతి ఏడాది ఆమె గొంతులో గడ్డ అన్నారు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేశాక మాట పోయింది. కాగితం మీద రాసి మాట్లాడేవారు. ఒకరోజు ఆమె చెల్లెలు నా గదికి వచ్చి ఒక చీటీ ఇచ్చింది. బడిలో బోర్డు మీద చూసిన అదే గుండ్రటి రాత. "నేను ఆగిన పాట ఇయ్యి బిడ్డా. ఒకసారి వింట."

వెతికి ఇస్తానన్నాను. రెండో చీటీ వస్తే హార్డ్ డిస్కు రిపేరుకు పోయిందన్నాను. మూడోసారి ఆమే చర్చి గేటు దగ్గర కనబడ్డారు. మెడకు తెల్లని రుమాలు. నన్ను చూసి చెయ్యెత్తారు, స్కేలు ఎత్తినట్టే. నేను బండి తిప్పుకుని వేరే సందులో పడ్డాను. ఆ తర్వాత ఆ దారి మానేశాను. ఆ గొంతు పోకముందే దాన్ని పోగొట్టింది నేనని ఆమె ముందు నిలబడి ఎలా చెప్పను?

అంత్యక్రియల రోజు ఆమె ఇంటి ముందు షామియానా వేశారు. చర్చి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక, ఆమె పాట పెట్టమన్నారు. నేను తీసుకెళ్లిన సీడీ పెట్టాను. ఆమె గొంతు స్పీకర్లో మొదటి లైను పాడింది. వెనక కూర్చున్న కోయిర్ ఆడవాళ్లు, టెంటుకు వచ్చే ముసలమ్మలు అలవాటు కొద్దీ దాన్ని అందుకున్నారు. వాళ్లు ఆ లైను మధ్యలో ఉండగానే ఆమె గొంతు రెండో లైనులోకి వెళ్లిపోయింది. వాళ్లు తడబడి, పరిగెత్తి, దాన్ని పట్టుకోబోయారు. అప్పటికి మూడోది. ఆమె ఎవర్నీ చూడకుండా ముందుకు పోతూనే ఉన్నారు. బతికుండగా ఆమె ఎన్నడూ చెయ్యని పని అది. ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు.

సీడీ ఆపేసి ఆమె చెల్లెలి దగ్గరికి వెళ్లాను. "అ... అ... అసల్ది లేదు ఆంటీ. నేనే తీసేసిన. గప్పుడే."

ఆమె నన్ను తిట్టలేదు. "అక్కకు ఎరుకేరా," అంది. "ఉంటే నువ్వు ఉరికొచ్చి ఇస్తుంటివి అని రాసింది."

"మరి చీటీలు?"

"నువ్వు నోరు తెరిచి చెప్తవని ఆగింది."

ఇంతలో వెనక నుంచి ఒక ముసలమ్మ, స్పీకర్ అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపి, పాట తానే ఎత్తుకుంది. "నడువుండ్రి అక్కల్లారా..." నేను తప్ప అందరూ కలిశారు. లైను అయిపోయింది. టీచరమ్మ నేర్పినట్టే అందరూ ఆగారు. నేను అందుకోవాలి. నోరు తెరిచాను, గొంతు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

ఆ ముసలమ్మ నా వైపు చూడలేదు. ఎవరూ చూడలేదు. ఇంకాసేపు ఆగారు.