సూదిని దాచి నడక చెప్పాను

ఏడేళ్లు ఒక అబద్ధం మోశాను. చెప్పినప్పుడు అది చాలా చిన్నది. నా పేరు చెప్పను. మీకు నా ముఖం తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను జడ్చర్ల దగ్గర ఒక సర్కారు బడిలో పీఈటీని. పిల్లలను పరుగెత్తించడం నా ఉద్యోగం. నలభై దాటేసరికి నేను పరుగెత్తడం మాట అటుంచి, వంగి బంతి తీయడమే కష్టమైంది. ఒకసారి ఆటల పోటీలకు వెళితే, అక్కడి సారు ఒకాయన నన్ను చూసి వంట మేస్త్రి అనుకుని అన్నం ఎప్పుడవుతుందని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వారమే హైదరాబాద్ వెళ్లి డాక్టరును కలిశాను.

ఆయన రోజూ పొట్టకు వేసుకునే సూది రాశాడు. దీంతో ఆకలి తగ్గుతుందని, కానీ కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుందని, అందుకని రోజూ నడవాలని, కాస్త బరువులు ఎత్తాలని చెప్పాడు. లేకపోతే నీరసపడతారు, సూది ఆపగానే ఒళ్లు మళ్లీ వస్తుంది అన్నాడు. బుద్ధిగా తలూపాను. చేశానా? లేదు. కడుపులో తిప్పుతూ ఉండేది, సాయంత్రం కాగానే పడుకునేవాణ్ని. అయినా ఆరు నెలల్లో ప్యాంట్లన్నీ వదులయ్యాయి. ఎలా తగ్గారని అడిగినవాళ్లందరికీ పొద్దున నడక అని చెప్పాను. హెడ్మాస్టరు ప్రార్థన దగ్గర నన్ను నిలబెట్టి వ్యాయామం గురించి మాట్లాడమన్నాడు. మాట్లాడాను. బాగానే మాట్లాడాను.

మల్లేశం మా బడి ఆఫీసులో క్లర్కు. నాకంటే పదేళ్లు పెద్ద. గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. భారీ శరీరం, ఎన్నో ఏళ్ల షుగర్. ఒక మధ్యాహ్నం నేను వాలీబాలుకు గాలి కొడుతుంటే ఆటల గదిలోకి వచ్చి కూర్చున్నాడు. చేతిలో డాక్టర్ చీటీ ఉంది.

"పాలమూర్ల డాక్టర్ సూది రాసిండు సార్. షుగరు తగ్గుతదట, ఒళ్లు గూడ తగ్గుతదట. నాకేమో సూదంటే భయం. మీరు ఏ మందు లేకుంటనే తగ్గిన్రు గదా. నన్నేం చెయ్యమంటరు?"

చీటీ చూశాను. ఆ పొద్దున నేను పొడుచుకున్న మందే.

అప్పుడు ఒక్క మాట చాలు. నేనూ ఇదే వాడుతున్న మల్లేశన్నా అంటే అయిపోయేది. ఆ మాట స్టాఫ్ రూం దాకా పోతుందని, పీఈటీ సూదులు పొడుచుకుని సన్నబడ్డాడని నవ్వుతారని, అంతకు మించి నాకు వేరే భయం ఏముంది? ఎంత వెతికినా ఇంకో కారణం దొరకదు.

"సూదులెందుకు మల్లేశన్నా. నడువు. నేను నడిచే తగ్గిన."

"గంతేనా సార్?"

"గంతే."

ఆయన ముఖం తేటపడింది. "మా నాయిన గొర్ల ఎంబడి నడుచుకుంటనే ఎనభై ఏండ్లు బతికిండు" అన్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మందు కొనలేదు.

మర్నాటి నుంచి తెల్లారగానే బడి గ్రౌండు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేశాడు. మీరు రారేంటని అడిగితే, నా నడక చీకట్లోనే అయిపోతుందని చెప్పాను. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ పోయిందని ఆయనకు తెలియదు. బిగుతు బూట్లలో వేలికి బొబ్బ లేచింది, పగిలింది, చీము పట్టింది. సాక్సు తడిసి ఉండటం చూసింది ఆయన భార్య. దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు.

చూడటానికి వెళ్లాను. ఆయనే నాకు సంజాయిషీ ఇచ్చుకున్నాడు. మీరు చెప్పింది సరిగ్గా చేయలేకపోయాను, తప్పు నాదే సార్ అన్నాడు. బత్తాయిలు పక్కన పెట్టి వచ్చేశాను.

నడక తప్పా? కాదు. సూదితో పాటు, సరైన బూట్లతో, రోజూ పాదాలు చూసుకుంటూ నడిచి ఉంటే ఆయనకు మంచే జరిగేదేమో. సూది వేసుకున్నా ఆ వేళ్లు పోయేవేమో కూడా. తెలియదు. ఆ తెలియకపోవడాన్ని అడ్డం పెట్టుకునే ఇన్నేళ్లు గడిపాను. ఈలోగా సూదులు ఆపేశాను, డాక్టరు చెప్పినట్టే ఒళ్లు తిరిగి వచ్చింది, మెట్లెక్కితే కాళ్లు వణుకుతున్నాయి. మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పాను. అందరూ నమ్మారు.

మొన్న మల్లేశం కూతురు ఫోన్ చేసింది. ఇప్పుడు వారానికి ఒక్కసారి వేసుకునే సూది రాశారట. సారు చెప్పేదాకా వేసుకోనని తండ్రి మొండికేశాడట. మీరొక్క మాట చెప్పండని అడిగింది. నేనూ అప్పట్లో ఇలాంటి సూదే వాడానని చెప్పాను. ఎప్పుడని అడిగింది. మీ బాపు నడుస్తున్న రోజుల్లోనే అన్నాను. ఆ మాట బాపుకు మీరే చెప్పండని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం వెళ్లాను. వరండాలో కూర్చుని మొత్తం చెప్పాను. మల్లేశం చివరిదాకా విన్నాడు. చీటీ చూసిన రోజే మందు పేరు గుర్తుపట్టావా అని అడిగాడు. ఎప్పుడూ మీరు అనే మనిషి. గుర్తుపట్టానన్నాను. ఆయన గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు. కాసేపు ఆగి నేనే లేచి వచ్చేశాను.

ఆయన సూది మొదలుపెట్టాడో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు. బాగా అలసిపోయాను. కానీ నేను నడవలేదని, సూది వేసుకున్నానని చెప్పేశాను. ఇక మల్లేశం దగ్గర దాచడానికి ఏమీ మిగల్లేదు.