నిప్పువాళ్ళు, నీళ్ళవాళ్ళు

గుడియాత్తంలో ఇళ్ళకు టైల్సు పరిచే దొరై, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, సిమెంటుకు పగిలిన వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని, ఫోను పట్టుకుని కూర్చుంటాడు. అందులో ఉండేది అక్క కూతురు సుమిత తయారుచేస్తున్న ఆట. ఒకవైపు నిప్పు మంత్రగాళ్ళు, మరోవైపు నీళ్ళ మంత్రగాళ్ళు. మొదట నిప్పువాళ్ళు, తర్వాత నీళ్ళవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేయాలి. దొరై ఎప్పుడూ నీళ్ళ పక్షమే. ప్రతి ఎత్తుకూ ముందు ఒక కన్ను మూసి, నేల మట్టం చూసినట్టు తెరను చూస్తాడు. ఎప్పుడూ ఓడిపోతాడు.

మొన్న ఆదివారం సుమిత దిగులుగా వచ్చింది. మర్నాడే వేలూరులో పోటీకి ఆ ఆటను ఇవ్వాలి. "యాడ తప్పో తెలీలేదు మామా. నిప్పువాళ్ళే గెలుస్తా ఉండారు. వాళ్ళ మంత్రాలు సగం తీసేస్తా," అంది. దొరై తల అడ్డంగా ఊపాడు. "ఇరుమ్మా, ఉండు, ఏమీ తీసెయ్యొద్దు. ఒక తూరి నీళ్ళవాళ్ళని ముందు ఆడనీ." సుమిత అలాగే మార్చింది. నాలుగు ఆటలు ఆడితే నాలుగూ నీళ్ళవాళ్ళే గెలిచారు. "చూసినావా? మంత్రాల్లో తప్పు లేదు. ముందు ఎవురాడితే వాళ్ళదే గెలుపు," అన్నాడు. సుమిత నవ్వుతూ, రెండో ఎత్తు వేసేవాళ్ళకు మొదట్లోనే ఒక మంత్రం ఎక్కువ ఇచ్చింది. తర్వాత ఆరు ఆటల్లో చెరో మూడు గెలిచారు. చివరిది దొరై ఓడిపోయాడు. ఫోను ఒళ్ళో పెట్టుకుని తృప్తిగా గోడకు ఆనుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఓడితే ఆట మీద కోపం వచ్చేదమ్మా. ఈసారి నా మీదే వచ్చినాది. ఇప్పుడు సరిగా ఉండాది, తీసుకపో."