బంద్ అయిన లైను మీద వచ్చిన బోణీ

పోయినవాళ్లు తిరిగొచ్చే కథలు నాకు చదవడానికి ఇష్టమే గానీ, నమ్మడానికి కాదు. అమ్మ దిష్టి తీస్తుంటే పక్క గదిలో పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, మిర్యాలగూడలో ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. తాతల నాటి నుంచి మాది వడ్ల వ్యాపారం. ఇంట్లో మగవాళ్లంతా మిల్లుల్లో, దుకాణాల్లో ఉంటే ఆయనొక్కడే కంప్యూటర్లు పెట్టాడు. వ్యాపారం మారింది గానీ అలవాట్లు మారలేదు. షట్టర్ తీసి, మోడెంకు కుంకుమబొట్టు పెట్టి, ఊదుబత్తి వెలిగించాకే ఏ పనైనా. బోణీ కాకుండా ఎవరినీ కంప్యూటర్ ముట్టనిచ్చేవాడు కాదు.

ఆ బోణీ నేనే చెయ్యాలి. నా చెయ్యి మంచిదని ఆయన నమ్మకం. నేను అప్పుడు సూర్యాపేటలో మా ఇంట్లోనే ఉండి డిగ్రీ చదువుతున్నాను. రోజూ పొద్దున షాపు మెయిల్ నుంచి నాకు ‘బోణీ’ అని ఒక మెయిల్ వచ్చేది. నేను జవాబు పెట్టాకే మొదటి గిరాకిని కూర్చోబెట్టేవాడు. పరీక్షా ఫలితాలు చూసుకోవడానికి వచ్చిన పిల్లలు కూడా సూర్యాపేటలో నేను నిద్ర లేచేదాకా నిలబడాల్సిందేనట.

నలుగురిలో నోరు విప్పలేని నేను ఆ జవాబులో మాత్రం ముందురోజు చదివినదో, డైరీలో రాసుకున్నదో రెండు మాటలు పెట్టేదాన్ని. చిన్నాయన ఎప్పుడూ వెక్కిరించలేదు. ‘మస్తు రాసినవ్ బిడ్డా, నాకు సగమే సమజైంది’ అని తిరిగి రాసేవాడు.

ఇంటర్నెట్ గురించి నాకు తెలిసిందంతా ఆయన చెప్పిందే. నెట్‌లోకి వెళ్లే ప్రతి కనెక్షన్‌కూ ఒక నంబరు ఉంటుంది, అదే ఐపీ అడ్రస్. ఇంటికి డోర్ నంబరు లాంటిది. దాన్ని మనకిచ్చేది ఇంటర్నెట్ కంపెనీ. మామూలు ఇళ్లకు ఆ నంబరు మారుతూ ఉంటుంది, కిరాయి ఇల్లు మారినట్టు. చిన్నాయన మాత్రం కంపెనీని అడిగి మారని నంబరు తీసుకున్నాడు. అది తీసుకున్న సంబరంలో, షాపు బోర్డు మీద ఫోన్ నంబరు కింద దాన్ని కూడా ఎర్రరంగుతో రాయించాడు.

జనం దానికి ఫోన్ చేయబోయేవారు. కంపెనీ మనిషి బోర్డు చూసి తల పట్టుకున్నాడట, అది ఊరంతా చూసేలా రాయించుకునేది కాదని. చిన్నాయన మనసు చిన్నబుచ్చుకుని దాని మీద తెల్లరంగు వేయించాడు గానీ ఎర్ర అంకెలు లోపలి నుంచి కనిపిస్తూనే ఉండేవి. వచ్చేపోయే ప్రతిసారీ చూసి నాకూ కంఠతా వచ్చేసింది.

నంబరు దాచుకోవడం ఎట్లా అన్న ఆరాటంలోనే ఆయన వీపీఎన్ సంగతి నేర్చుకున్నాడు. ఒక ఎండాకాలం నాకూ చెప్పాడు.

“నువ్వు నాకు ఉత్తరం రాసి, దాన్ని ఇంకో కవర్ల పెట్టి అంటించి కోదాడల మీ మామకు పంపినవనుకో. ఆయన పై కవరు సింపి, లోపలిది తన పేరు మీద నాకు పంపుతడు. నాకు కోదాడ ముద్రనే కనబడతది. మీ ఊరి పోస్టుమ్యానుకు నువ్వు కోదాడకు రాసినవని తెలుస్తది, లోపల ఏముందో తెల్వదు. మన కంపెనీ గా పోస్టుమ్యాను అన్నట్టు.”

“మరి మామయ్య లోపలిది చదివితే?”

“అందుకే నమ్మకమున్న మామను సూసుకోవాలె,” అని కన్నుకొట్టాడు. వంటింట్లోంచి చిన్నమ్మ, తన అన్నను ఏమైనా అంటే ఊరుకోనంది.

ఆ మరుసటి ఏడు చిన్నాయన షాపులోనే గుండెనొప్పితో కూలబడ్డాడు. దవాఖానకు తీసుకుపోయేలోగా అయిపోయింది.

కోదాడ మామయ్య వచ్చి అన్నీ తన మీద వేసుకున్నాడు. చెల్లెలు ఒంటరిగా ఉండకూడదని ఆయన బాధ. కనెక్షన్ రద్దు చేయించి, మోడెం స్వయంగా కంపెనీ ఆఫీసులో అప్పజెప్పాడు. షాపు మెయిన్ ఆపి ఫ్యూజు పీకేశాడు. కంప్యూటర్లు కొనేవాణ్ని చూశాడు. నెల మాసికం అయ్యాక చిన్నమ్మ కోదాడ వెళ్లిపోవాలని తీర్మానం. మధ్యాహ్నాలు చిన్నాయన భోజనానికి వెళ్తే షాపు చూసుకునేది చిన్నమ్మే. నడపగలవా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా తల వంచుకుని సరే అంది.

కొనేవాడు రావలసిన రోజు పొద్దున సూర్యాపేటలో మెయిల్ తెరిచాను. పైనే ఉంది, ‘బోణీ’ అని. లోపల ఒకటే వరుస: ‘షట్టర్ తీసిన. ఇగ నువ్వు చెప్పు బిడ్డా.’

పాత మెయిల్ ఆలస్యంగా వచ్చిందేమో అనుకున్నాను. మెయిల్ వెనకాల దాని ప్రయాణమంతా రాసి ఉండే వివరాలు తెరవడం చిన్నాయనే నేర్పాడు. తెరిచాను. పంపిన తేదీ ఆ రోజుదే. ఎక్కడి నుంచి పంపారో ఆ నంబరూ ఉంది. బోర్డు మీద తెల్లరంగు కింద ఉన్న నంబరే.

ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయాను. ఆ పేజీ ప్రింటు తీసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను.

చిన్నమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఏడవలేదు.

“జవాబు పెట్టినవా?”

“లేదు చిన్నమ్మా.”

“మరి బోణీ ఎట్లయితది?”

మామయ్య కాగితం తీసుకుని చూశాడు. “ఎవరో పాస్‌వర్డ్ తెలిసినోళ్లు ఆడుకుంటున్నారమ్మా. దీన్ని పట్టుకుని ఎట్టా నడుపుతావు నువ్వు?”

“ఆడుకుంటే ఆడుకోనీ అన్నా. షాపు నేను నడుపుకుంట. నెల దినాల సంది ఈ మాట నోటిదాకా వస్తున్నది. కంప్యూటర్లు అమ్మొద్దు.”

మామయ్య ఆమె ముఖం చూశాడు. లేచి, కొనేవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు.

ఊళ్లోని ఇంకో నెట్ సెంటర్‌కు వెళ్లి, చిన్నమ్మ పక్కన నిలబడి చూస్తుండగా నేను జవాబు పెట్టాను. చిన్నమ్మ షాపు నడుపుతుందని రాశాను.

తర్వాత నాకు తోచినవన్నీ వెతికాను. పాస్‌వర్డ్ చిన్నాయన ఎవరికీ చెప్పలేదు. ఒకవేళ ఎవరైనా సంపాదించి వీపీఎన్ మీద పంపారనుకుందాం. అప్పుడు ఆ వీపీఎన్ నంబరు పడుతుంది గానీ మాది పడదు. మాది పడాలంటే మా లైను మీదుగానే రావాలి. ఆ లైను లేదు, మోడెం లేదు, షాపులో కరెంటే లేదు. కంపెనీ ఆ నంబరును ఇంకెవరికైనా ఇచ్చిందేమోనని మామయ్యే వెళ్లి అడిగొచ్చాడు. ఇంకా ఎవరికీ ఇవ్వలేదన్నారట.

కొత్త కనెక్షన్‌కు వేరే నంబరు వచ్చింది. పాత నంబరు నుంచి ఆ ఒక్క మెయిల్ తర్వాత ఏదీ రాలేదు. కొన్నాళ్లు పొద్దున్నే లేచి చూసుకునేదాన్ని.

చదువుకున్నదాన్ని, ఎక్కడో ఒక కారణం ఉండే ఉంటుందని అనుకుంటాను. అదేమిటో ఇప్పటికీ చెప్పలేను. షాపుకు వెళ్లినప్పుడల్లా చిన్నమ్మ దగ్గర ఆ మాట ఎత్తుతాను, నంబర్లు, లైన్లు అన్నీ మళ్లీ మొదలుపెడతాను. ఆమె సగంలోనే ఆపేస్తుంది.

“ఆయనే పంపిండు. జర జరుగు, గిరాకి వచ్చింది.”