కత్తెరమ్మ, ఒంటిచేతి బొమ్మ

సామ్రాజ్యాల కాలగణన ఏదో ఒక రాజు పట్టాభిషేకంతో మొదలవుతుంది. మూడో అంతస్తులోని ఆ రెండు గదుల ఇంట్లో మాత్రం, కత్తెరమ్మ పొద్దున్నే లాప్‌టాప్ బటన్ నొక్కడంతో మొదలయ్యేది. పళ్లు తోముకోకముందే నొక్కేది. అది పూర్తిగా మేలుకోవడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టేది. ఆలోపు ఆమె స్నానం, భర్త చొక్కా ఇస్త్రీ, అత్తగారి మాత్రలు అయిపోవాలి. గోడ గడియారాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు. "తెర ఇంకా నల్లగానే ఉంది, ఇంకాసేపు పడుకోవచ్చు" అని భర్త, "చక్రం తిరుగుతోంది, నా మాత్రేదీ?" అని అత్తగారు ఆ యంత్రాన్నిబట్టే నడుచుకునేవారు. పదకొండేళ్లు ఈ వ్యవస్థ ఏ తిరుగుబాటూ లేకుండా సాగింది.

కత్తెరమ్మ అసలు పేరు ఫ్యాక్టరీ రిజిస్టరులో ఉంది. మిగతా లోకానికి దానితో పని పడలేదు. బట్టల ఫ్యాక్టరీలో పదహారో ఏట కటింగ్ టేబుల్ దగ్గర చేరింది. చొక్కా అయినా కోటు అయినా ముందు కాగితం మీద ముక్కలు ముక్కలుగా గీసి కత్తిరిస్తే, ఆ ముక్కల కొలతకే వేల బట్టలు కుడతారు. ఆ కాగితాలు గీయడమే ఆమె పని. ఎదుట నిలబడిన మనిషి ఎడమ భుజం కుడిదానికంటే పావంగుళం కిందికి ఉందని టేపు పెట్టకుండా చెప్పేది. కాబోయే భర్తతో ఆమె ఆడిన మొదటి మాట అదేనట. ఆయన ఇప్పటికీ ఫొటోల్లో కాస్త పక్కకు తిరిగి నిలబడతాడు. తర్వాత ఫ్యాక్టరీ కాగితం వదిలి కంప్యూటరుకు మారింది. నలభయ్యేళ్లు దాటాక ఆమె కూడా మారి, ఇంటినుంచే గీసి పంపడం మొదలుపెట్టింది. చేతిలోంచి కత్తెర పోయింది, పేరులోంచి పోలేదు.

బుధవారం సూపర్‌వైజర్ నుంచి కబురొచ్చింది. ఇకమీదట ముక్కలు గీసి పంపితే చాలదు. గీసిన కోటును కంప్యూటర్లోనే ఒక బొమ్మకు తొడిగి చూపించాలి. సోమవారం పదింటికి, వీడియోలో అందరూ చూస్తుండగా, ఆ బొమ్మ ఆగకుండా ఒక చుట్టు తిరగాలి. ఎవరి బొమ్మ తిరగదో వాళ్ల పేరు ఇకమీదట పనిచ్చేవాళ్ల జాబితాలో ఉండదు.

కత్తెరమ్మ ఆ సాయంత్రమే ప్రయత్నించింది. మొదట తెరమీద మెడ వచ్చింది. మెడమీద తల లేదు, అసలు ఆ బొమ్మకు తలే పెట్టలేదట. నాలుగు నిమిషాలకు ఛాతీ వచ్చింది. తొమ్మిదో నిమిషానికి ఒక చెయ్యి వచ్చింది. రెండో చేతికోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుండగా లాప్‌టాప్ కడుపులోంచి ఒక మూలుగు వినిపించి, తెర ఆరిపోయింది.

"ఆ చెయ్యి నావైపే చాచింది" అంది అత్తగారు.

శనివారం మధ్యాహ్నం బావ వచ్చాడు. అక్క మొగుడు, లాప్‌టాప్‌లు బాగుచేసే షాపు ఆయనది. ఏది అడిగినా "చూద్దాం" అంటాడు కాబట్టి బంధువుల్లో ఆయన పేరు కూడా అదే అయింది. అనుభవం ఉన్న డాక్టరు నోట ఆ మాట వింటే మనిషికి వీలునామా ఎలా గుర్తొస్తుందో, ఆయన నోట విన్నా అలాగే గుర్తొస్తుంది.

"బావా, బాగవుతుందా?"

"చూద్దాం."

"చూద్దాం కాదు, ఔనో కాదో చెప్పు."

"ఇది నీ కోటు కాదు మరదలా, కొలత తప్పితే విప్పి కుట్టడానికి. ఇప్పటి పల్చటి లాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ బోర్డుకే అతికేసి ఉంటాయి, కదపలేం. నీది పాతకాలం లావుపాటిది, రెండూ ఊడొస్తాయి. ఇదే మోడల్‌ది, ఇంతకన్నా గట్టిది, షాపులో ఒకటి చచ్చిపడుంది. దానివి పట్టుకొచ్చా."

"ఎలా చచ్చింది బాబూ?" అంది అత్తగారు.

"నీళ్లు పడి, పిన్నిగారూ."

"ఇవి తడవలేదు కదా?"

"చూద్దాం."

అత్తగారు తన కుడి మోకాలు నిమురుకుంది. "దీన్ని మార్చాక ఆర్నెల్లకే ఎడమది పోయింది. కొత్తది వచ్చి చేరితే పాతవాటికి పడదు" అంది.

హార్డ్ డిస్కు ఊడదీసి కత్తెరమ్మ చేతికిచ్చాడు బావ. "నీ డిజైన్లన్నీ ఇందులో ఉన్నాయి, వీటికేం కాదు. పోతే యంత్రమే పోతుంది" అని ధైర్యం చెప్పాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. కొత్త ప్రాసెసర్‌ను బోర్డు గుర్తుపట్టాలంటే, బోర్డులో ఉండే బయాస్ అనే చిన్న ప్రోగ్రాంను చెరిపి కొత్తది రాయాలి. పది నిమిషాల పని.

"ఆ పది నిమిషాల్లో కరెంటు పోతే?" అన్నాడు భర్త.

"ఇటుక. మళ్లీ మేలుకోదు."

"బ్యాటరీ ఉంటుందిగా?"

"అది పోయి నాలుగేళ్లు" అంది కత్తెరమ్మ.

"మరి మీ షాపులో యూపీఎస్?"

"అదీ రిపేరులోనే ఉంది. పైగా మా వీధి తవ్వేస్తున్నారు, గంటకోసారి కరెంటు పోతోంది. అందుకేగా ఇక్కడికొచ్చింది."

ఫ్రిజ్ ఆపారు. ఫ్యాన్ ఆపారు. భర్త ఫోను చార్జరు కూడా పీకేసి, ఏం చేయాలో తోచక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బావ పెన్‌డ్రైవ్ గుచ్చి, ఒక మీట నొక్కాడు. నల్లటి తెరమీద తెల్లటి గీత పాకడం మొదలైంది. ఇరవై. నలభై. అరవై.

డెబ్బై ఒకటి దగ్గర గది లైటు మిణుకుమంది. కింద వెల్డింగ్ దుకాణంలోంచి చర్రుమని శబ్దం వచ్చింది. లైటు ఇంకోసారి మసకబారింది. గీత కదలడం లేదు.

"ఎవరైనా వాణ్ని ఆపండి" అన్నాడు బావ. ఆయన చూద్దాం అనకుండా ఒకరిని తొందరపెట్టడం ఇంట్లోవాళ్లు మొదటిసారి విన్నారు.

కత్తెరమ్మ మూడంతస్తులు చెప్పుల్లేకుండా దిగింది.

"అన్నా, పది నిమిషాలు ఆపు. పైన ఆపరేషన్ జరుగుతోంది."

వెల్డరు కళ్లకు అడ్డంగా ఉన్న నల్లద్దం పైకెత్తాడు. "అయ్యో, పెద్దావిడకా?"

"లాప్‌టాప్‌కి."

"బాగుందక్కా! నా గేటు సగం అతుక్కుని వేలాడుతోంది. దాని గోడు ఎవరికి చెప్పుకోను?"

ఆమె అతని మెడవైపు చూసింది. తోలు ఏప్రన్ పట్టీ ఒరుసుకుని చర్మం ఎర్రగా కమిలి ఉంది. "బరువంతా మెడమీదే పడుతోంది. పట్టీ భుజాలమీదుగా వెళ్లి వీపున కలవాలి. నీ కొలతకు కొత్తది గీసిస్తా. ఆపు."

వెల్డరు తన మెడ తడుముకుని, స్విచ్చు కట్టేశాడు.

ఆమె వెంటనే పైకి ఎక్కలేదు. గేటు పక్కన స్టూలు మీద కూర్చుంది. జాబితాలో తన పేరు లేని సోమవారం ఎలా ఉంటుందో మొదటిసారి ఊహించుకుంది. ముప్పై ఆరేళ్లుగా మనుషుల భుజాలు చూసి బతికింది. ఇంకొక పని నేర్చుకునే వయసు కాదు. పైనుంచి ఏ అలికిడీ లేదు. కేక వినిపించినా బాగుండుననుకుంది.

చివరికి ఎక్కింది. ముగ్గురూ చీకటి తెర ముందు నిలబడి ఉన్నారు. గీత నూటికి చేరి, లాప్‌టాప్ తనంతట తనే ఆగి మళ్లీ మొదలైందట. మొదలై మూడు నిమిషాలైంది. తెర వెలగలేదు. లోపలి ఫ్యాన్ మాత్రం గొంతు పిసికినట్టు అరుస్తోంది.

"చూద్దాం" అన్నాడు బావ, బాగా నెమ్మదిగా.

తెర వెలిగింది.

మిగతాదంతా చేతిపని. ప్రాసెసర్ గూటి మీది మరను అరచుట్టు తిప్పాడు, పాతది వదులైంది. మూలనున్న చిన్న త్రికోణం గుర్తు చూసి కొత్తది కూర్చోబెట్టాడు. పైన వేడిని లాగే పేస్టు బియ్యపుగింజంత పెట్టాడు. గ్రాఫిక్స్ కార్డు, కత్తెరమ్మ చేతిలోని హార్డ్ డిస్కు బిగించి, మూత వేశాడు. ఆయన బటన్ నొక్కుతుంటే అత్తగారు కళ్లు మూసుకుంది. ఏదీ పేలలేదు.

సోమవారం పదింటికి ఆరుగురు వరుసగా తమ బొమ్మలను తిప్పారు. ఇద్దరివి సగంలో ఆగిపోయాయి. వాళ్ల ముఖాలు తెరమీంచి తప్పుకోవడం కత్తెరమ్మ కళ్లారా చూసింది. ఆమె వంతు వచ్చింది. తల లేని బొమ్మ రెండు చేతులతో, నల్లకోటుతో మెల్లగా తిరిగింది. వీపు చూపింది. మళ్లీ ముందుకొచ్చి నిలబడింది.

"సరే, మీరు ఉన్నట్టే" అన్నాడు సూపర్‌వైజర్.

ఆ మధ్యాహ్నమే కొత్త పద్ధతిలో మొదటి ఆర్డరు వచ్చింది. రెండు వేల దిండు గలీబులు. పొడవు ముప్పై అంగుళాలు, వెడల్పు ఇరవై. బొమ్మకు తొడగనక్కర్లేదని కింద రాసి ఉంది.